కాన్వెంటు పిల్లలు ముందుండటానికి కాన్వెంటే కారణమా?

టెక్కలి ఉపాధ్యాయుడు:
మా మండలంలో నాలుగో తరగతి పిల్లల చేత రెండో తరగతి తెలుగు వాచకంలోని ఒక పేరా చదివిస్తే, కాన్వెంటు పిల్లలు గడగడా చదివేశారు. మా సర్కారు బడి పిల్లల్లో చాలామంది ఒత్తుల దగ్గర ఆగిపోయారు. ఇది చూసి కాన్వెంటు చదువే మేలని తేల్చేసేవారితో నేను ఏకీభవించలేను. తల్లిదండ్రులు చెన్నైకో హైదరాబాదుకో వలస పోగా అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునే పిల్లలు మా తరగతిలోనే ఎక్కువ. ఎవరు ఏ బడికి వెళ్లాలో చీటీలు వేసి నిర్ణయించనంత వరకు ఆ తేడా బడిదో ఇంటిదో చెప్పలేమని నా వాదన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు చెల్లించే ఏర్పాటు చేసి పరిశీలించగా, నాలుగేళ్ల తరువాత కూడా తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలినవారికీ తగలనివారికీ తేడా కనిపించలేదు.

బొబ్బిలి పాఠకురాలు:
మాస్టారూ, అదే అధ్యయనంలో హిందీలో లాటరీ తగిలినవారే ముందున్నారన్నది కూడా చెప్పాలి. అయినా నా అభ్యంతరం వేరు. చీటీలు వేయలేని ప్రశ్నలన్నీ వదిలేయాలా? ఇజ్రాయెల్‌లో తరగతికి 40 మంది మించకూడదన్న నియమం ఉంది. 41వ పిల్లవాడు చేరితే ఒక సెక్షను రెండవుతుంది. ఆ ఒక్క పేరు తేడాతో చిన్న తరగతిలో పడ్డ పిల్లలను, పెద్ద తరగతిలో మిగిలినవారితో పోల్చి, చిన్న తరగతులు మేలు చేస్తాయని ఆర్థికవేత్తలు ఆంగ్రిస్ట్, లావీ 1999లో చూపారు. పిల్లలు ఎలా విడిపోయారో మనకు తెలిసినప్పుడు కారణం గురించి మాట్లాడవచ్చు.

నరసన్నపేట విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
అమ్మా, ఆ కథకు తరువాయి భాగం ఉంది. 2002 నుంచి 2011 వరకు ఉన్న కొత్త లెక్కలతో ఆంగ్రిస్ట్, లావీ మరో ఇద్దరితో కలిసి మళ్లీ చూసినప్పుడు ఆ మేలు కనిపించలేదు. పైగా ఆ హద్దు దగ్గర నమోదు సంఖ్యలను సర్దిన జాడలు బయటపడ్డాయి. టీచరు పోస్టు పోకుండా హాజరు పట్టీలో పేర్లు నిలబెట్టే విద్య తెలిసిన మన ప్రాంతం వాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. ఆ సర్దుబాటు ప్రభావం పడకుండా వారు పిల్లల పుట్టిన తేదీలను బట్టి నమోదును లెక్కగట్టి చూశారు, అప్పుడూ ఫలితం సున్నాయే.

టెక్కలి ఉపాధ్యాయుడు:
అలాగైతే నా పట్టు కొంత సడలించుకుంటాను. మా మండలంలో ఒకే ఇంట్లో ఒకరు కాన్వెంటుకూ ఒకరు మా బడికీ వచ్చే తోబుట్టువులను పోల్చి చూద్దామనుకుంటున్నాను.

బొబ్బిలి పాఠకురాలు:
ముందు ఆ ఇళ్లలో కాన్వెంటుకు వెళ్తున్నది కొడుకో కూతురో రాసుకోండి, మాస్టారూ.