ఇంగ్లీషులో కామా పెట్టాలా, ఫుల్‌స్టాపా? తల తిరుగుతోంది

కడప కుర్రోడు:
బ్యాంకు పీఓ మెయిన్స్‌కి లెటర్ రైటింగ్ ప్రాక్టీస్ చేస్తున్నా. నిన్న కోచింగ్‌లో "ది బస్ వాజ్ లేట్, ఐ మిస్డ్ ది ట్రైన్" అని రాస్తే సార్ ఆ కామాకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పేపర్ చేతికిచ్చారు, ఎందుకో చెప్పలేదు. చదివేటప్పుడు ఊపిరి ఆగేది అక్కడే కదా, కామా కాక ఇంకేం పెట్టాలప్పా? "హౌఎవర్" వచ్చిందంటే ఇంకా టెన్షన్.

అనంతపురం అక్క:
ఊపిరి లెక్క వదిలెయ్ తమ్ముడూ, నేనూ డిగ్రీ దాకా ఆ లెక్కతోనే మార్కులు పోగొట్టుకున్నా. మనం తెలుగులో "బస్సు లేటై, ట్రైను తప్పిపోయి, స్టేషన్లోనే కూర్చుని, పొద్దున ఇంటికొచ్చా" అంటాం చూడు, అందులో ముగిసే క్రియ చివరిది ఒక్కటే, ముందువన్నీ అసమాపక క్రియలు, కాబట్టి కామాలతో ఎంత దూరమైనా లాగొచ్చు. నీ ఇంగ్లీషు వాక్యంలో "వాజ్", "మిస్డ్" రెండూ ముగిసిన క్రియలే. అంటే అవి రెండు వాక్యాలు, వాటిని కలపడం ఒట్టి కామా వల్ల కాదు. కామా స్ప్లైస్ అంటారు ఈ తప్పుని. ఫుల్‌స్టాప్ పెట్టు, లేదా సెమీకోలన్, లేదా కామా ఉంచి పక్కనే "సో" చేర్చు. మొదట్లో "బికాజ్" పెట్టినా నీ కామా అలాగే ఉండొచ్చు, ఎందుకంటే అప్పుడు ముందు సగం ఒంటరిగా నిలబడదు.

కర్నూలు మాస్టారు:
అమ్మాయి బాగా చెప్పింది. "బట్", "హౌఎవర్" రెండింటికీ మనం "కానీ" అనే అర్థం చెప్పుకుంటాం, తికమక అక్కడే. "బట్" ముందు కామా చాలు. "హౌఎవర్" రెండు వాక్యాల మధ్య వస్తే ముందు సెమీకోలన్, తర్వాత కామా: "ది బస్ వాజ్ లేట్; హౌఎవర్, ఐ కాట్ ది ట్రైన్." సెమీకోలన్ అంటే భయమైతే ఫుల్‌స్టాప్ పెట్టి కొత్త వాక్యం మొదలుపెట్టు, మార్కులేం పోవు. అన్నట్టు మీ కడప బ్రౌన్ లైబ్రరీలో తాటాకు ప్రతులున్నాయి, ఎప్పుడైనా చూడు. పాత తాటాకుల మీద కామా మాట అటుంచి పదాల మధ్య ఖాళీ కూడా ఉండదు. ఈ కామా మనకూ అచ్చుపుస్తకాలతో వచ్చిందే.

కడప కుర్రోడు:
ఇప్పుడు అర్థమైంది సార్! "ది బస్ వాజ్ లేట్; ఇట్'స్ టైర్ వాజ్ ఫ్లాట్." కరెక్టేనా?

అనంతపురం అక్క:
సెమీకోలన్ సూపర్. ఆ అపాస్ట్రఫీ తీసెయ్, అదుంటే "ఇట్ ఈజ్ టైర్" అని చదువుతారు. "దాని టైరు" అనాలంటే అపాస్ట్రఫీ ఉండదు. లేకపోతే మీ సార్ ఇంకో సున్నా చుడతారు.