సమస్య: "కీర్తి పోయినపుడె కీర్తి కలిగె"

సమస్యాపూరణలో చివరి పాదం ముందే ఇస్తారు, మిగతా మూడు పాదాలూ కవి రాసి దానికి అర్థం కుదర్చాలి. మా బృందంలో ఈసారి ఇచ్చింది ఆటవెలది ఛందస్సులో నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల చిన్న గణాలు), యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) కీ–కీ కుదిరింది. చిక్కంతా అర్థంలోనే. పోయిన కీర్తీ వచ్చిన కీర్తీ ఒకటే అయితే పద్యం నిలబడదు. ఆ తేడా ఎలా చూపిస్తారన్నదే నాకు ముఖ్యం.

మొదటి పూరణ:

రాజ్యమెల్ల వీడి రాణినే యమ్మెను
కాటిలోన నిలిచి కాపు గాచె
సత్యమొకటె మిగిలె సకలము పోవగా
కీర్తి పోయినపుడె కీర్తి కలిగె

నడక హాయిగా ఉంది. అయితే హరిశ్చంద్రుడు ఇక్కడ పోగొట్టుకున్నవి రాజ్యం, భార్య. కీర్తి పోయినట్టు ఎక్కడా లేదు. రెండో పాదం "కాటికాపరియని కాంచె జగము" అని మారిస్తే, చక్రవర్తి అన్న పేరు కూడా పోయినట్టు అవుతుంది.

రెండో పూరణ (శ్రీనాథుడి గురించి):

పసిడి నీరు తడిపె పండిత సభలోన
పన్ను కట్టలేక బండ మోసె
చేతిలోన చివర చిల్లిగవ్వయు లేదు
కీర్తి పోయినపుడె కీర్తి కలిగె

మొదటి రెండు పాదాలు చదివి కాసేపు ఆగిపోయాను. విజయనగర రాజు ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టు అనే పండితుణ్ణి ఓడించి, అతని కంచుఢక్కను పగలగొట్టించి, కనకాభిషేకం అందుకున్న కవి. చివరికి 700 టంకాల (అప్పటి నాణేలు) పన్ను కట్టలేక ఎండలో బండ మోశాడని చాటుపద్యం (జనం నోట నిలిచిన విడిపద్యం) చెబుతుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టారు, మధ్యలో ఒక్క ముక్క వ్యాఖ్యానం లేదు. బాగుంది.

లోపం మూడో పాదంలో ఉంది. ఇంకో కష్టం చెప్పారు తప్ప రెండో కీర్తి ఏమిటో చెప్పలేదు. ఆ బండ బరువు చెప్పిన పద్యమే ఇప్పటికీ జనం నోట ఉంది కదా, దాన్నే తీసుకోవచ్చు.

పూరించినవారు మార్చి పంపారు: "పద్యమొకటి మిగిలి పలుకుచుండెను నేడు". ఇప్పుడు పద్యం నిండింది.

ఒక సభ్యురాలు మరో ప్రశ్న వేశారు: "పోయినపుడె" అంటే ఆ క్షణానే అని కదా, తర్వాతెప్పుడో వచ్చిన కీర్తి ఎలా సరిపోతుంది? ప్రశ్న న్యాయమైనదే. పద్యం పుట్టింది ఆ బాధలోనే కాబట్టి సమర్థించుకోవచ్చు అనుకుంటాను. కానీ ఆ కీర్తి ఆయన చూసింది కాదు. బరువు ఆయన మోశాడు, పద్యం మనకు దక్కింది. ఇది తలుచుకుంటే నాకు మనసు బరువెక్కుతుంది.

మూడో పూరణ:

చుట్టు మూగు జనులు చూడక పోయిరి
అమ్మ పిలిచె నన్ను నసలు పేర
ఎన్ని యేండ్లొ వినక యిపుడు విన్నది చాలు
కీర్తి పోయినపుడె కీర్తి కలిగె

"నన్ను నసలు" దగ్గర ద్రుతం (పదం చివరి న్) మీద సంధి (నన్నున్ + అసలు), అచ్చుకు యతి (అ–అ). అంతా సరిగ్గానే ఉంది. పురాణం లేదు, చరిత్ర లేదు. కీర్తి అంటే ఇక్కడ ఇంటివాళ్లు పిలిచే పేరు అనుకుని మెచ్చుకున్నాను. "అపుడె" కూడా ఇందులో అతికినట్టు కుదిరింది: జనం వెళ్లిపోయాకే కదా అమ్మ గొంతు వినపడేది.

కవయిత్రి జవాబు చూశాక గానీ నాకు పద్యం పూర్తిగా అందలేదు: "పద్యంలో మాట్లాడే అమ్మాయికి వేదిక మీద పేరు వేరు. ఇంట్లో పెట్టిన పేరు కీర్తి."