రోటాక్స్ 912 యూఎల్ఎస్ విమాన ఇంజిన్: వేడి మీద మళ్ళీ స్టార్ట్ చేస్తే ఫ్యూయల్ ప్రెషర్ పడిపోతోంది, పంపా, వేపర్ లాకా (వేడికి గొట్టాల్లో పెట్రోల్ ఆవిరై సరఫరాకి అడ్డు పడటం)?

అందరికీ నమస్తే. నేను కిట్ నుంచి కట్టుకున్న మొదటి విమానం ఇది, లో వింగ్, రెండు బింగ్ కార్బ్యురేటర్లు, ఇప్పటికి 14 గంటలు ఎగిరింది. చల్లగా ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు, ప్రెషర్ 0.3 బార్ దగ్గర నిలకడగా ఉంటుంది. కానీ ఓ గంట ఎగిరి దిగి, ఇంజిన్ ఆపి 20-30 నిమిషాల తర్వాత మళ్ళీ స్టార్ట్ చేస్తే ట్యాక్సీలోనే 0.12కి పడిపోతోంది (కనీసం 0.15 ఉండాలి కదా), 2000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ దగ్గుతోంది, ఎలక్ట్రిక్ పంప్ వేస్తే వెంటనే సర్దుకుంటుంది, ఆపితే రెండు నిమిషాల్లో మళ్ళీ అదే కథ.

ఫిల్టర్ మార్చాను, ట్యాంక్ వెంట్ ఊది చూశాను, గొట్టాలన్నిటికీ ఫైర్‌స్లీవ్ (వేడిని ఆపే తొడుగు) వేశాను, రిటర్న్ లైన్‌లో (మిగిలిన పెట్రోల్‌ని వెనక్కి ట్యాంక్‌కి పంపే గొట్టం) 0.35 మిల్లీమీటర్ల జెట్ మూసుకుపోలేదు. సెన్సార్ మీద అనుమానంతో మెకానికల్ గేజ్ పెట్టినా అదే రీడింగ్. ఆటో పెట్రోల్ బదులు ఆవ్‌గ్యాస్ (విమానాల పెట్రోల్) పోస్తే కొంచెం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, నన్ను బాగా తికమక పెడుతున్నది ఇదే, పంప్ పాడైతే ఏ పెట్రోల్‌తోనైనా ఒకేలా ఉండాలి కదా. టేకాఫ్‌లో ఇంజిన్ ఆగితే అనే భయంతో ఇది తేలేదాకా ఎగరడం ఆపేశాను.

కొత్త మెకానికల్ పంప్ కొనేముందు, లోపం పంప్‌లోనా లేక కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) లోపల వేడికి పెట్రోల్ ఆవిరవడమా అని నేల మీదే తేల్చుకోవడానికి ఏ టెస్ట్ చేయాలి?