పండుమిర్చి పులియబెట్టడానికి డ్రమ్ములో లైనర్: ఏ గేజ్, మూతి ఎలా కట్టాలి?

మిరపకళ్లం (గుంటూరు):
20 కిలోల తేజ పండుమిర్చి కచ్చాపచ్చాగా రుబ్బి, హాట్ సాస్ కోసం పులియబెట్టాలి. అంత పెద్ద జాడీ లేదు. 50 లీటర్ల పాత నీలం డ్రమ్ము ఉంది, ఇంతకుముందు అందులో ఏం పోశారో తెలీదు. లోపల ఫుడ్ గ్రేడ్ లైనర్ (డ్రమ్ము లోపల పరిచే ప్లాస్టిక్ కవరు) వేస్తే సరిపోతుందా?

జాడీమూత (విజయవాడ):
ఆ డ్రమ్ము వద్దండి. పాలిథిన్ నీళ్లను ఆపుతుంది గానీ థిన్నర్ లాంటి వాటి ఆవిరిని ఆపలేదు. పురుగుమందులు పోసిన డ్రమ్మైతే ఎన్ని లైనర్లు వేసినా దండగే. పైగా 20 కిలోలకు 50 లీటర్లంటే సగానికి పైగా గాలే. మూతున్న 30 లీటర్ల కొత్త బకెట్ చాలు. పెయింటు బకెట్ ఎంత కడిగినా పనికిరాదు.

లైనర్ రంగు లేని వర్జిన్ (రీసైకిల్ చేయని) ఎల్‌డీపీఈ పాలిథిన్ అయి ఉండాలి. ఐఎస్ 10146 (ఆహారానికి వాడే పాలిథిన్‌కు భారతీయ ప్రమాణం) మాలేనా అని అడగండి. నల్ల చెత్త కవర్ల జోలికి పోవద్దు. షాపులో మందం గేజ్‌లో చెబుతారు: 400 గేజ్ అంటే 100 మైక్రాన్లు, అది తీసుకోండి. పల్చటిదైతే తొడిమ ముక్క గుచ్చుకున్నా చిల్లే.

అందరూ బోల్తా పడేది సైజు దగ్గర. బకెట్ అడ్డం 32 సెం.మీ. అయితే చుట్టుకొలత 100; పరిచిన కవరు వెడల్పు 50 ఉంటే సరిగ్గా పడుతుంది. మీరు 60 తీసుకోండి. కవరు వదులుగా ఉండి గోడకు ఆనాలి. బిగుతుగా ఉంటే బరువంతా అడుగు సీల్ మీద వేలాడి అక్కడే పిగులుతుంది. పొడవు 90కి తగ్గొద్దు, మూతి మెలిపెట్టాలి కదా. ముందు నీళ్లు పోసి, ఎత్తి పట్టుకుని, సీల్ దగ్గర చెమ్మ వస్తోందేమో చూడండి.

ఉప్పుకల్లు:
లైనర్ సంగతి ఆయన చెప్పేశారు, ఉప్పు నేను చెబుతా. తొడిమలు తీశాక తూచి 6 శాతం, అంటే 20 కిలోలకు 1.2 కిలోలు. చల్లటి ఊళ్లలో 3 శాతంతో నడుస్తుంది, మన ఎండలకు అది చాలదు. అలాగని పచ్చడికి వేసినట్టు 15 శాతం వేస్తే పులుపు ఎక్కదు.

పైన మూడో వంతు ఖాళీ వదలండి, రుబ్బు పొంగుతుంది. ముద్ద మీద ఇంకో ఫుడ్ గ్రేడ్ కవర్లో లీటరుకు 60 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు పోసి బరువుగా పెట్టండి. అది కారినా ఉప్పు పలచబడదు. లైనర్ మూతి మెలిపెట్టి, మధ్యలో అక్వేరియం గొట్టం దూర్చి జిప్ టై బిగించండి. గొట్టం రెండో కొస నీళ్ల సీసాలో రెండంగుళాలు మునగాలి. లోపలి కొస మూతి దగ్గరే ఆగాలి. రుబ్బులోకి దిగితే గింజ అడ్డుపడి కవరు బెలూన్‌లా ఉబ్బుతుంది. గ్యాస్ ఉధృతం మొదటి వారంలోనే.

మిరపకళ్లం (గుంటూరు):
లైనర్‌ను మరిగే నీళ్లతో కడగొచ్చా? అయిపోయిందని ఎలా తెలుస్తుంది?

ఉప్పుకల్లు:
మరిగే నీళ్లు వద్దు, ఎల్‌డీపీఈ మెత్తబడి సీల్ సాగుతుంది. కాచి చల్లార్చిన నీళ్లతో తొలిపితే చాలు.

గ్యాస్ ఆగాక పీహెచ్ (పులుపు కొలత; పులుపు పెరిగేకొద్దీ తగ్గుతుంది) చూడండి, 4 కంటే దిగాలి. పీహెచ్ చూసే కాగితపు స్ట్రిప్పులు మిరప ఎరుపులో మునిగి ఏ రంగో తేలదు. పీహెచ్ 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచూసిన మీటరే నయం. పైన తెల్లటి పల్చటి పొర కడితే తీసేయండి, చెడింది కాదు. నూగుతో ఆకుపచ్చగానో నల్లగానో బూజు వస్తే మాత్రం మొత్తం పారబోయాల్సిందే, పైపైన గీకితే లాభం లేదు.

జాడీమూత (విజయవాడ):
ఆ లైనర్ మళ్లీ వాడొద్దు. మడతల్లో ఇరుక్కున్న రుబ్బు కడిగినా పోదు.