పది పెట్టెల ఆఫర్: ఆదివారం లోపు కొనాలా, వదిలేయాలా?

పెందుర్తి తోట: పెందుర్తి అవతల మాకు ఎకరంన్నర జీడితోట ఉంది. తేనెటీగల పెట్టెలు పెడదామని రెండేళ్లుగా అనుకుంటున్నాను. మొన్న ఆన్‌లైన్‌లో ఒకాయన పది పెట్టెల సెట్టు అమ్మకానికి పెట్టాడు. ఒక్కోటి 2,200 ఉన్నది 1,350కే ఇస్తాడట, పొగడబ్బా, ముసుగు ఫ్రీ. ఆఫర్ ఆదివారం దాకానే. మా బావమరిది "ఇంకా ఆలోచనేంటి బావా" అంటున్నాడు. మా ఆవిడేమో "ముందు ఈగల్ని చూపించు, ఇల్లు తర్వాత కడుదువుగాని" అంటోంది. మీరేమంటారు?

గాజువాక మేడ మీద: కొనేయండి గురువుగారూ. నేను మూడేళ్ల కిందట ఇలాంటి ఆఫర్‌లోనే నాలుగు కొన్నాను. మామిడి చెక్క. ఏటా వేసవిలో బయటి వైపు ఒక కోటింగ్ పెయింట్ వేస్తాను, అంతే. ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. ఈగలకి బిల్లు చూపించాలా ఏంటి?

చింతపల్లి దారి: బిల్లు అక్కర్లేదు గానీ కొలత కావాలి. తోట వారూ, ఆ ఫొటోలో పది ఫ్రేములు, అంటే ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాలు, కనబడుతున్నాయి. అది ఇటాలియన్ ఈగల పెట్టె. మన గోడల్లో, పుట్టల్లో, చెట్టు తొర్రల్లో దొరికేది పుట్టతేనె ఈగ. ఒళ్లూ చిన్నదే, గుంపూ చిన్నదే. దానికి ఏడెనిమిది ఫ్రేముల చిన్న పెట్టె చాలు, ఇక్కడ చాలామంది న్యూటన్ పెట్టె అంటారు. నేనూ మీలాగే చౌకని పెద్దవి కొని, పంపుసెట్టు గోడలోంచి తీసిన గుంపుని అందులో పెట్టాను. అవి నాలుగు ఫ్రేముల మీదే సర్దుకున్నాయి. మిగతా ఫ్రేముల్లో నేను ఉంచిన పాత పట్టుని కాసే దిక్కు లేదు. మైనపు పురుగు చేరింది. ఇరవై రోజులకి మూత తీస్తే తెల్లటి సాలెగూడులాంటి దారాలు, వాటి నిండా నల్లటి రవ్వలాంటి రెట్ట. ఈగ ఒక్కటి లేదు, లేచిపోయాయి.

గాజువాక మేడ మీద: అయితే ఇటాలియన్ ఈగల్నే తెచ్చుకోమనండి! నావి అవే. పుట్టతేనె ఈగ ఏడాదికి ఐదారు కిలోలిస్తే గొప్ప, దీనికి ఎన్నో రెట్లు వస్తుంది.

చింతపల్లి దారి: వస్తుంది, పువ్వున్న చోటికి తిప్పితే. నవంబర్, డిసెంబర్‌లలో అరకులో వలిసెలు పూస్తాయి, పెట్టెలు రాత్రికి రాత్రి బండెక్కించి తీసుకెళ్లాలి. వానల్లో ఈగలకి తిండిగా పంచదార పాకం పోయాలి. తమరు ఆ రెండూ చేస్తారు సరే, ఆయన చేస్తారా? పది పెట్టెలకి పాకం ఖర్చు కూడా ఆఫర్‌లో ఇస్తున్నాడా?

భీమిలి మేడమ్: నా అనుభవం చెక్క గురించి. నాకు డిస్కౌంట్‌లో వచ్చినవి చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి, లోపల ప్లైవుడ్. అక్టోబర్ వానకి మూతలు అప్పడాల్లా ఉబ్బాయి. ఉప్పుగాలికి మేకులు తుప్పుపట్టి అడుగు పలక ఊడి చేతికొచ్చింది. ఈగలు పట్టు కట్టడానికి ఆధారంగా ఫ్రేముల్లో పెట్టమని ఫ్రీగా ఇచ్చిన, గదుల అచ్చు ఉన్న మైనం షీట్లు కొవ్వొత్తి వాసన. మే ఎండకి సాగి, తేనెతో సహా కూలాయి. పైగా ఆ షీట్ల గదులు ఇటాలియన్ ఈగ సైజు, సుమారు 5.3 మిల్లీమీటర్లు. మన ఈగ గది అయిదులోపే. అన్నట్టు, తేనె తీసే మిషన్ కొంటే జింకు పూత రేకుది మాత్రం వద్దు, తేనె పులుపుకి జింకు కరుగుతుంది. స్టీలుదే తీసుకోండి.

కంచరపాలెం వడ్రంగి: పెట్టె మేం చేస్తాం, చేయలేనిది కాదు. కాకపోతే ఒక మంచి పెట్టె శాంపిల్ తెండి. మొదటిసారి చేయించుకున్నాయన కొలత చెప్తే నేను వినలేదు, ఒక్క మిల్లీమీటరుకి ఏమవుతాదిలే అనుకున్నాను. ఫ్రేముకీ గోడకీ మధ్య సందు ఎక్కువైపోయి ఈగలు అక్కడ కూడా పట్టు కట్టేశాయి. ఫ్రేము లాగితే పట్టు చిరిగి తేనె కారిపోయింది. ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల లోపుంటే ఆ సందుని దారిగా వదిలేస్తాయి. 1850లలో లాంగ్‌స్ట్రాత్ అనే అమెరికా ఆయన ఇది పట్టుకున్నాకే ఇప్పుడున్న పెట్టె వచ్చిందని తర్వాత తెలిసింది.

గాజువాక మేడ మీద: పోనీ సెకండ్ హ్యాండ్? మా చుట్టాలబ్బాయి అయిదు వందలకే ఇస్తానంటున్నాడు.

చింతపల్లి దారి: పాత మైనం వాసనకి గుంపులు తొందరగా దిగుతాయి, నిజమే. కానీ ఆ పెట్టెలో ఈగలు ఎందుకు పోయాయో అడగండి. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో పుట్టతేనె ఈగల్ని ఊడ్చేసింది. అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే బ్యాక్టీరియా తెగులైతే దాని బీజాలు చెక్కలో దశాబ్దాలు బతుకుతాయి. తీసుకుంటే పాత ఫ్రేములు తగలబెట్టి, లోపలంతా బ్లోలాంప్‌తో చెక్క గోధుమరంగు తిరిగేదాకా కాల్చాలి.

పెందుర్తి తోట: ఇవాళ ఫోన్ చేసి ఏ ఈగకి అని అడిగాను. "ఏ ఈగైనా పడుతుంది సార్" అన్నాడు. లోపలి కొలతలు అడిగితే పొగడబ్బా ఇంకోటి ఫ్రీ అన్నాడు! వదిలేశాను. కంచరపాలెం అన్నా, శాంపిల్ దొరకగానే వస్తాను, చిన్నవి రెండు చాలు. మా బావమరిది ఎనిమిదిన్నర వేలు పోగొట్టానని అందరికీ చెప్తున్నాడు.

గాజువాక మేడ మీద: ఆ నంబర్ నాకు పంపండి. చెక్కేదో కళ్లారా చూసి కొంటాను. నావి ఇటాలియనేగా, పది ఫ్రేములూ నిండుతాయి.