అప్‌డేట్: అమ్మ కీళ్ల నొప్పులు, పొందూరు రాట్నం

పొందూరులో నూలు వడికే మా అమ్మకు వేళ్ల కీళ్లు వాచి, పొద్దున్నే పిడికిలి బిగియడం లేదని, రాట్నం మానిపించాలా అని లోగడ మిమ్మల్ని అడిగాను. శ్రీకాకుళంలో వైద్యులకు చూపించగా అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ (శరీర రోగనిరోధక శక్తే కీళ్లపై దాడి చేసే వాపు జబ్బు) అని తేలింది. దానికి ఇచ్చిన మెథోట్రెక్సేట్ అనే మందు మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలని, రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పని ఆయన గట్టిగా హెచ్చరించినందున, దానిని నేనే చేతికి అందిస్తున్నాను. నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు కనుక వాటిని సొంతంగా కొనడం పూర్తిగా ఆపేశాము; మా ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బులను కళ్లారా చూసిన జిల్లావాళ్లం కదా.

రాట్నం మాత్రం మానలేదు. వాలుగ చేప దవడ ఎముకను వేళ్లతో గట్టిగా పట్టుకొని, దాని సన్నని పళ్లతో పత్తిని దువ్వేటప్పుడే అమ్మకు నొప్పి ఎక్కువయ్యేది కనుక, ఆ పనిని పిన్ని తీసుకున్నది. ఏకులు (వడకడానికి చుట్టిన దూది చుట్టలు) సిద్ధం చేసి పిన్ని అరటి దొప్పలో పెట్టి ఇస్తే, పొద్దుటి బిగుతు తగ్గి చేతులు సడలిన తరువాత అమ్మ కాసేపు వడికి, లేచి నాలుగడుగులు వేసి, మళ్లీ కూర్చుంటుంది. నూలు తగ్గింది, కూలీ కూడా తగ్గింది. అయినా మీలో కొందరు చెప్పినట్లు పూర్తిగా మానిపించి ఉంటే ఆమె మరింత కుంగిపోయేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. కాలేయానికి, రక్తకణాలకు సంబంధించిన పరీక్షలు వైద్యులు చెప్పిన గడువుల్లో చేయిస్తున్నాము.