పార్కుకు తోరణం ఒక్కటే చాలునా?

ప్రశ్న: హనుమకొండలోని మా కాలనీ పార్కులో ఓరుగల్లు వారసత్వం కనబడాలని అందరూ కోరుతున్నారు గాని, ద్వారం దగ్గర సిమెంటు కీర్తితోరణం తప్ప మరో ఆలోచన సాగడం లేదు. ఇంకేమి చేయవచ్చు?

జవాబు 1: ఓరుగల్లు కోటలోని తోరణాలు అలంకారానికి నిలిపినవి కావు, నాలుగు దిక్కులా నిలిచి, నడుమనున్న స్వయంభూ శివాలయ ఆవరణకు హద్దు చూపేవి. ఆకారాన్ని అనుకరించడం కంటె ఆ అమరికను తీసుకొని, నాలుగు వైపుల నుండి దారులు కలిసే చోట, బతుకమ్మ ఆడేందుకు వీలుగా విశాలమైన ఖాళీ స్థలం వదలండి. అక్కడ విగ్రహమేదీ పెట్టకండి.

జవాబు 2: కాకతీయుల వారసత్వమంటే చెరువు కూడా. పాకాల, రామప్ప, లక్నవరం నేటికీ పొలాలకు నీరిస్తున్నాయి. వాననీరు పల్లానికి చేరేలా చిన్న కుంట తవ్వి, రాతి మెట్లు కట్టిస్తే బతుకమ్మలను అక్కడే సాగనంపవచ్చు.

ప్రశ్న అడిగినవారు: కుంట ఆలోచన బాగుంది, పిల్లల భద్రతకు లోతు తగ్గిస్తాము. తోరణం మాత్రం కాలనీవారు మానుకునేలా లేరు.